పిన్ని దువ్విన తల

నల్లజర్లలో మా పిన్నికి తెల్లవారేది కూతురి తల దువ్వడంతోనే. చెల్లికి ఇరవయ్యేళ్ళుగా స్కిజోఫ్రీనియా. పిన్ని పదిసార్లు చెబితే స్నానం చేస్తుంది. మాత్ర మింగిందో లేదో నోరు తెరిపించి చూడాలి. పక్కన కూచుంటే కూర తరుగుతుంది, లేచి వెళితే కత్తిపీట అలాగే వదిలేస్తుంది.

మళ్ళీ పరీక్ష చేసినప్పుడు డాక్టరు, "శుభ్రంగానే ఉందిగా, వంట కూడా చేస్తోందంటున్నారు" అన్నాడట. శాతం 40 కంటే తగ్గింది. "తల దువ్వకుండా తీసుకెళ్ళాల్సింది అమ్మాయ్" అంది పిన్ని నాతో. ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆ వీధిలోనే ఒకాయనకు చిన్నప్పుడు పోలియోతో కాలు చచ్చుబడింది. కొట్టు నడుపుకుంటాడు. పింఛను వస్తుంది, రావాలి కూడా. కొట్టు బాగా సాగుతోందని ఆయన కాలి శాతాన్ని ఎవరూ తగ్గించరు. చెల్లి ఉల్లిపాయలు తరిగితే మాత్రం తగ్గుతుంది.

ఇది ఒక డాక్టరు తప్పు కాదు. కాలి వైకల్యాన్ని కాలిలోనే కొలుస్తారు. మానసిక వ్యాధికి 2002లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ తయారుచేసిన 'ఐడియాస్' కొలమానం వాడతారు. తనను తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని - ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా వేసి, జబ్బు ఎన్నేళ్ళదో కలుపుతారు. పని అంటే ఉద్యోగం, చదువు, ఇంటిపని. జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీని 'పనిచేయనివారి'లో రాసే రాజ్యం ఇక్కడ ఇంటిపనిని పనిగా గుర్తించింది. మంచిదే. కానీ పిన్ని పక్కనుండి చేయించిన పని చెల్లి ఖాతాలో పడింది. పిన్ని చాకిరీ ఎంత గొప్పగా ఉంటే చెల్లి శాతం అంత తగ్గుతుంది.

దొంగ సర్టిఫికెట్లు లేవనను, తనిఖీ వద్దనీ అనను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు. అంత డబ్బు ఇచ్చేటప్పుడు అడుగుతారు. 2025లో జరిగిన పునఃపరిశీలనలో 40 శాతం లేదంటూ ఎందరికో నోటీసులు వెళ్ళాయి. నా అభ్యంతరం అడగడం మీద కాదు, ఏం అడుగుతున్నారన్న దాని మీద. "ఈ పని చేయగలదా?" అనే ప్రశ్న పక్కన "ఎవరు చేయిస్తే?" అనే ప్రశ్న కూడా ఉండాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం మాట ఉంది. చట్టానికి కనబడిన ఆ మనిషి కొలమానానికి కనబడదు.

పిన్నికి డెబ్బయి దాటాయి. వితంతు పింఛను 4,000 మీదే ఇద్దరూ బతుకుతున్నారు. ఆమె పోయాక చెల్లి తల చింపిరి జుట్టవుతుంది, పొయ్యి వెలగదు. అప్పుడు శాతం తప్పక పెరుగుతుంది. చెల్లిని వేలు పట్టుకుని ఆ పరీక్షకు తీసుకెళ్ళేదెవరు?