కనబడని కుట్టు

ధ్యానభాగములు: సామెతలు 28:13, లూకా 19:8, అపొ. కార్య. 9:36–39; 1 పేతురు 4:8



చీరకు ఫాలు కుట్టుట మన ఘట్‌కేసర్, ఉప్పల్, నాచారం ప్రాంతములలో అందరును చూచిన పనియే. అంచునకు లోపలితట్టున గుడ్డపట్టీ నుంచి, సూదిమొనతో చీర పోగులను ఒకటి రెండు మాత్రమే పట్టి దారము లాగుదురు. లోపల కుట్లు వరుసగా నుండును. పైకి ఏమియు కనబడదు. దారము బిగించినయెడల చీర ముడుతలుపడి కుట్టు బయటపడును. వదులుగా విడిచినయెడల పట్టీ ఊడి కాలికి తగులుకొనును.

నగరములో రఫూ చేయువారి పని యింకను కష్టము. వారు చాలసార్లు ఆ బట్ట మడతలో దాగియున్న పోగులనే తీసి, చినిగినచోట నేతవలె అల్లుదురు. చినుగు ఎక్కడ నుండెనో కనుగొనుట దుర్లభము.

అట్లయిన, చినుగును దాచుట మోసము కాదా?

రఫూ చేసిన కోటును క్రొత్తదని చెప్పి అమ్మువాడు మోసగాడే. దానినే బాగుచేసి, బీదవాడు సిగ్గుపడక ఆరాధనకు వెళ్లునట్లు ఇచ్చువాడు మేలు చేసినవాడు. సూది ఒక్కటే, కుట్టు ఒక్కటే. ఎవరి మేలుకొరకు దాచెదమో అందులోనే భేదమున్నది. తన పాపమును తాను కప్పుకొనువానికి క్షేమము లేదని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. పొరుగువాని తప్పులను కప్పు ప్రేమను పేతురు బోధించుచున్నాడు.

అయితే బీదలకు జరిగిన అన్యాయమును చాటున కుట్టివేయరాదు. కూలి ఎగవేసినవాడు రహస్య ప్రార్థనతో తృప్తిపడరాదు. జక్కయ్య నిలువబడి, నాలుగంతలు తిరిగి యిచ్చెదనని బాహాటముగా చెప్పెను. మనకు దూరము కాని పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న భూమిలేని పేదలు 80 ఎకరములు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావేగారి యెదుట, ఊరివారందరు వినుచుండగా 100 ఎకరములు ఇచ్చెదనని పలికిరి. కొన్ని లోటులు పదిమంది యెదుటనే తీరవలెను.

మరి సంఘములో ఇద్దరు అన్నదమ్ములు పొలము గట్టు కొరకు మాటలు మానుకొన్నప్పుడు ఏమి చేయుదము? అక్కడ కనబడని కుట్టు కావలెను. వారి బట్టలోని పోగునే తీయుడి. ఒక తల్లి ఒడిలో పెరిగితిమను జ్ఞాపకమే ఆ పోగు. గద్దింపును మిక్కిలి బిగించకుడి, బొత్తిగా వదలకుడి. వారు కలిసి ప్రభువు బల్లయొద్దకు వచ్చిన దినమున “నేనే కలిపితిని” అని చాటుకొనకుడి. ఆ ఒక్క మాటతో కుట్టు బయటపడి, పాత చినుగు అందరికిని కనబడును.

యొప్పేలోని దొర్కా తన కుట్టుపనిని తాను చూపుకొన్నట్లు వ్రాయబడలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రే యేడ్చుచు ఆ అంగీలను చూపిరి.

మనుష్యులు పైవైపు చూతురు. బట్టను తిరగవేసి చూచువాడు దేవుడు. ఆయన యెదుట మన చినుగులను దాచక, మన పొరుగువాని చినుగులను ప్రేమతో కుట్టుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.