ఎడమకాలి మాట

కొత్తకోడలు గడప ముందు నిలబడగానే నలుగురూ ఒక్కసారే కేకేస్తారు, "కుడికాలు పెట్టు బిడ్డా, కుడికాలు!" అని. పాపం ఆ పిల్ల కుడికాలు లోపల పెడుతుంది. అందరి చూపూ ఆ కాలి మీదే. అదే క్షణంలో పిల్ల బరువూ, పట్టుచీర బరువూ, నగల బరువూ మోస్తూ గడప ఇవతల నిలబడ్డది ఎడమకాలు. దాని వంక చూసినవాళ్ళెవరు, చెప్పండి?

ఈ ఆలోచన నాకు పెళ్ళిపందిట్లో రాలేదు లెండి, స్కేటింగ్ దగ్గర వచ్చింది. మంచు మీద హాకీ ఆట మనకు ఏ లడాఖ్ వైపో వెళ్తే గానీ కనబడదు. టీవీలో చూసి మా మనవడికి ఆ పిచ్చి పట్టింది. కరీంనగర్‌లో మంచెక్కడిది? సాయంత్రాలు చక్రాల బూట్లు కట్టుకుని సిమెంటు నేల మీద జారుతుంటాడు. కుడికాలితో నెడితే బారెడు పోతాడు, ఎడమకాలితో నెడితే మూరెడు. "ఎడమకాలికి సత్తువ చాలదు, నువ్వులనూనె రాయాలె" అన్నది మా కోడలు. నేర్పే అబ్బాయి నవ్వి, "లోపం కుడికాలిలో ఉన్నదమ్మా" అన్నాడు.

ఎడమకాలు పక్కకు నెడుతుండగానే ఒంటి బరువు కుడికాలి మీదికి మారుతుంది. అది నిబ్బరంగా మోయలేకపోతే, ఎక్కడ పడతామో అని ఎడమకాలు నెట్టడం సగంలో మాని నేలకు దిగిపోతుంది. మంచు మీదయినా ఇదే సంగతి. అందుకని వాణ్ణి కుడికాలి మీద ఒంటికాలితో జారమన్నాడు.

నాకు మా వైపు ఇళ్ళు గుర్తొచ్చాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల నుంచి దుబాయికీ, మస్కట్‌కూ పోయినవాళ్ళు ఎందరో! "ఆయన కష్టపడి ఇల్లు కట్టిండు" అంటారు. నిజమే, ఆ ఎండల్లో ఆ కష్టం తక్కువదేం కాదు. మరి ఇక్కడ చాట ఒళ్ళో పెట్టుకుని, వెయ్యికింత అని బీడీలు చుడుతూ, అత్తగారి మందులూ, పిల్లల ఫీజులూ, అప్పులవాళ్ళ మాటలూ కాచుకున్న మనిషి? "మా ఇంటామెనా? ఖాళీగనే ఉంటది" అంటారు. ఖాళీ అట!

అయితే ఆయన సంపాదన సాగకపోతే తప్పు ఈవిడదేనా అని నా మీదికి రాకండి. నేర్పే అబ్బాయి కుడికాలిని తిట్టలేదు, దానికి సత్తువ వచ్చే పని చూశాడు. మనం ఆ పని చేస్తామా? అదీగాక కాళ్ళకున్న న్యాయం మన ఇళ్ళల్లో లేదు. మోసిన కాలు మరుక్షణం నెడుతుంది, నెట్టిన కాలు మోస్తుంది. మన దగ్గర వంతు మారదు.

ఎక్కడో మారుతుంది. మా వీధిలో ఒకాయన పదేళ్ళకు దుబాయి నుంచి వచ్చేశాడు. ఆయన భార్య బజార్లో కుట్టుమిషన్ల షాపు తెరిచింది. పొద్దున్నే పిల్లల టిఫిన్ డబ్బాలు కట్టేదీ, తల్లిని దవాఖానాకు తీసుకుపోయేదీ ఇప్పుడాయనే. వీధిలో అడిగి చూడండి. "ఆయననా? ఖాళీగనే ఉన్నడు" అంటున్నారు.