గుడారములోని చీమలు

పఠన భాగములు: ఆదికాండము 13:5–13, సామెతలు 6:6–8, మత్తయి 5:23–24



విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము ఈ లోకములో మేడ కట్టుకొనలేదు. దేవుడు కట్టిన శాశ్వతమైన ఊరు ముందున్నదని నమ్మి, డేరాలలో కాలము గడిపెను. మనమును అట్టి ప్రయాణికులమే. అయితే డేరాలో నివసించువానికిని ఇంటి చిక్కులు తప్పవు. అట్టి చిన్న చిక్కు ఒకదానిని గూర్చి ఈ నెల మనము ధ్యానింతము.

అమెరికా దేశములో చక్రములుగల ఇండ్లున్నవి. వాటిని ఆర్.వి. అనియు క్యాంపర్ అనియు పిలుతురు. బస్సువంటి బండిలోనే పడకలు, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నియు అమర్చబడి యుండును. సెలవులలో కుటుంబములు అందులో బయలుదేరి, రాత్రివేళ విడిది మైదానములలో నిలుపుకొందురు. మన ప్రాంతమునుండి వెళ్లి అక్కడ ఉద్యోగము చేయుచున్న ఒక సహోదరుడు భార్యాబిడ్డలతో అట్టి ప్రయాణము చేసిన సంగతి మాకు ఫోనులో చెప్పెను. ఒక ఉదయమున చక్కెర డబ్బా నిండ చీమలు కనబడెను. ఈ చోటు మంచిది కాదని వారు బండి కదలించి, చాల దూరము పోయి మరియొక మైదానములో దిగిరి. మరునాడు తెల్లవారుసరికి అదే చీమల బారు అదే డబ్బాయొద్ద నుండెను. చీమలు చోటులో లేవు, బండిలోనే యున్నవి.

ప్రియులారా, ఈ మాట మనకు తగులుచున్నది గదా? ఆ చీమలను వెళ్లగొట్టు విధమును తెలిసికొందము. అది మన పూరిండ్లకును పెంకుటిండ్లకును పనికివచ్చును, మన ఆత్మలకును పనికివచ్చును.

మొదటిది, అవి వచ్చు దారిని చూడవలెను. బండి నిలిచినప్పుడు దాని చక్రములు నేలను తాకును. కరెంటు తీగ, నీళ్ల గొట్టము, మురుగు గొట్టము, బండిని నిలుపు ఇనుప కాళ్లు, ఇవన్నియు చీమలకు వంతెనలే. తీగయు గొట్టమును లోపలికి పోవు రంధ్రముల చుట్టునున్న సందులను మూయవలెను. మన తల్లులు బెల్లపు డబ్బాను నీళ్ల పళ్లెములో నిలుపుట ఈ జ్ఞానమే. మనకు అవసరమైన మంచి సంబంధముల వెంబడియే చెడుగు ఎక్కివచ్చును. తీగను కోసివేయనక్కరలేదు, సందును మూసిన చాలును.

రెండవది, బాటను తుడిచివేయవలెను. ఆహారము కనుగొనిన చీమ పుట్టకు మరలునప్పుడు తన కడుపుతో నేలపై ఒక వాసనను రాయుచు పోవును. తక్కినవి ఆ వాసననుబట్టి వచ్చును. కనుక చీమలను నలిపినంత మాత్రమున చాలదు. సబ్బునీళ్లతోనైనను వెనిగరుతోనైనను బాటను కడుగవలెను. ఒలికిన చక్కెరను, బిడ్డలు రాల్చిన మెతుకులను అదే పూట ఎత్తవలెను. ఒక చాడీ మాట ఒక ఇంటినుండి ఇంకొక ఇంటికి నడచిన తరువాత ఆ బాటను ఎవరును కడుగనియెడల, రేపు పది మాటలు అదే దారిని వచ్చును.

మూడవది, కనబడువాటిని చంపి తృప్తిపడకూడదు. మనకు కనబడు చీమలు ఆహారముకొరకు వచ్చిన పనిచీమలు మాత్రమే. గ్రుడ్లు పెట్టు రాణి పుట్టలోనే యుండును. మందు జల్లినచో బయటివి చచ్చును, లోపలినుండి వేరేవి వచ్చును. ఫారోచీమ అను సన్నని పసుపుపచ్చని జాతిమీద అట్లు జల్లినయెడల ఒక్క పుట్ట చీలి పలు పుట్టలగును. అంతేకాదు, ఇరుకైన బండిలో జల్లిన మందు గాలిని అదే చోట నిద్రించు పసిబిడ్డలు పీల్చుదురు. మన ఊళ్లలో కొందరు పొలముకొరకు తెచ్చిన పురుగుమందును ఇంట చల్లుచున్నారు. ఇది మహా ప్రమాదము. పూర్వము చీమలకు విరివిగా చల్లిన బి.హెచ్.సి. పొడిని మన ప్రభుత్వము 1997లో నిషేధించెను. చీమల చాకుపీసును పలక సుద్దయనుకొని నోట పెట్టుకొను బిడ్డలున్నారు, దానినిగూర్చి జాగ్రత్తపడుడి. కోపముతో జల్లిన మాటయు ఇట్టిదే. అది తప్పు చేసినవానికంటె ముందు, ప్రక్కనున్న పసివానికి తగులును.

నాలుగవది, ఓపికతో పుట్టవరకు పోవలెను. నూరు పాళ్ల నీళ్లలో పది పాళ్ల చక్కెరయు, ఒక పాలు బోరిక్ పౌడరును కలిపి, దూదిలో తడిపి బిడ్డలకును పశువులకును అందనిచోట పెట్టుదురు. మందు ఎక్కువైనచో చీమలు దారిలోనే చచ్చును, లేదా దానిని ముట్టవు. తక్కువైనప్పుడే అవి దానిని కడుపులో మోసికొని పోయి, నోటినుండి నోటికి పంచి, రాణివరకు చేర్చును. ఆ దినములలో చీమలు ఎక్కువగా కనబడినను వాటిని నలుపకూడదు. పని ముగియుటకు రోజులు, ఒక్కొక్కసారి వారములు పట్టును. అలాగే తడిసిన కొయ్యలో గూడు చేయు వడ్రంగిచీమలు కొన్ని బండ్లలో చేరును. అవి కొయ్యను తినవు గాని దానిని తొలిచివేయును. వాటికి ముఖ్యమైన మందు, కప్పు కారుచున్న చోటును బాగుచేయుటయే.

ప్రియులారా, చీమ దుష్టజంతువు కాదు. జ్ఞానియైన సొలొమోను సోమరిని దాని యొద్దకే పాఠమునకు పంపెను. దేవుడు దానికిచ్చిన చోటు పొలము. మనము కావలసినది మన పడకకు. అయినను చీమ ప్రయాణముచేసి ఎంత హాని చేయగలదో ఆ దేశమే సాక్షి. దక్షిణ అమెరికాకు చెందిన అగ్నిచీమలు 1930 దశకములో అలబామా రాష్ట్రములోని మొబైల్ రేవున దిగి, దక్షిణ రాష్ట్రములనేకములలో వ్యాపించెను. వాటిని ఆపుటకు మట్టి, ఎండుగడ్డి, నారుమొక్కలు తరలించుటపై అక్కడి ప్రభుత్వము 1958లో కట్టుబాటు పెట్టెను.

ఇప్పుడు మన సంఘములను చూచుకొందము. బెంచీమీద చోటు గూర్చి, పండుగ చందా గూర్చి, పెండ్లిలో పిలుపు గూర్చి మాట పట్టింపు కలిగినది. వెంటనే ఒక కుటుంబము ఈ గుడి విడిచి ఆ గుడికి పోయెను. రెండేండ్లకు అక్కడను అట్టి మాటయే పుట్టెను. ఇంకొక గుడికి పోయెను. బండి కదలుచున్నది, చీమలు దిగుటలేదు. వేరుపడుట ఎల్లప్పుడు పాపమని మేము చెప్పము. అబ్రాహామును లోతును సమాధానముగానే వేరుపడిరి. కాని లోతు తన కన్నుల ఆశను గుడారముతో కూడ మూటకట్టుకొని పోయెను. ఆ ఆశయే అతనిని సొదొమ దాపునకు చేర్చెను.

నీవు ఎచ్చటికైనను వెళ్లుటకు ముందు నీ బండిని వెదకుము. నీమీద సహోదరునికి ఏమైన బాధ కలదని తలంపునకు వచ్చినచో, అర్పణను బలిపీఠమునొద్దనే ఉంచి మొదట అతనితో సమాధానపడుమని మన ప్రభువు బోధించెను. కనుక వచ్చు సంస్కారపు ఆదివారమునకు ముందుగా, మాటలు మానిన ఆ ఒక్క ఇంటికి సాయంకాలము నడచిపోవుడి. మొదటి దినమున వారు తలుపు తీయకపోవచ్చును. మరల వెళ్లుడి. పుట్టవరకు చేరు పని నెమ్మదిగానే జరుగును.

ప్రభువా, మా గుడారములను శోధించుము. కనబడు తప్పులను దాచకుండునట్లు, కనబడని మూలమును నీకు అప్పగించునట్లు మాకు కృప దయచేయుము. ఆమేన్.