పలకమీద పాఠము

ధ్యాన భాగము: మత్తయి 14:22-33



గత సంవత్సరము, నా ఏబది రెండవ యేట, నేను మరల పలక పట్టితిని. బడిపిల్లలు అక్షరములు దిద్దుకొను పలక గాదు. క్రింద నాలుగు చక్రములు బిగించిన చెక్క పలక. దానిని స్కేట్‌బోర్డు అందురు. పట్టణములలో పిల్లలు దానిమీద నిలువబడి జారిపోవుచుండగా మీలో కొందరు చూచియుందురు. "అయ్యగారికి ఈ వయస్సులో ఇదేమి బుద్ధి?" అని మీరు నవ్వుకొందురని ఎరుగుదును. నవ్వుకొనుడి. అయితే కడవరకు చదువుడి. ఆ ఆటలో నా తప్పొకటి నాకు కనబడెను. దానిని మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది.

అమెరికా దేశపు కాలిఫోర్నియా రాష్ట్రములో నా చెల్లెలు కాపురమున్నది. ఆమెను చూచుటకు పోయి రెండు నెలలు అక్కడ నుంటిని. ఆమె కుమారుడు తొమ్మిదేండ్లవాడు. ప్రతి సాయంకాలము వాడు నన్ను ఊరి ఆటస్థలమునకు వెంటబెట్టుకొని పోవుచుండెను. అక్కడ నీరులేని కోనేరువలె సిమెంటుతో కట్టిన గుంటలున్నవి. పిల్లలు పలకలతో ఒక గట్టు దిగి అవతలి గట్టెక్కుచుందురు.

ఈ ఆట పుట్టినది ఆ రాష్ట్రములోనే. 1950వ దశాబ్దములో, సముద్రపు అలలమీద పలకలతో తేలియాడు యువకులు, అలలు లేని దినములలో నేలమీదనైనను అట్లు పోవలెనని చెక్కకు చక్రములు తగిలించిరి. తొలుత ఇనుప చక్రములు, పిదప మట్టి మిశ్రమముతో చేసిన గట్టి చక్రములు వాడిరి. చిన్న గులకరాయి అడ్డుపడినను చక్రము ఆగిపోయి, మనిషి ముందునకు విసరివేయబడుచుండెను. 1970వ దశాబ్దపు తొలి యేండ్లలో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనునతడు పాలీయురేతేన్ అను పదార్థముతో చేసిన చక్రములను తెచ్చిన పిమ్మట ఆ బాధ చాలవరకు తగ్గెను. ఆట నలుదెసల వ్యాపించెను. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో దీనికి మొదటిసారి చోటు దొరకెను.

ఒకనాడు మా అల్లుడు తన పలక నా ముందర పెట్టి, "నువ్వూ ఎక్కు మామయ్యా" అనెను. చేతిలోనికి తీసికొని చూచితిని. సుమారు 32 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు. మేపుల్ అను చెట్టు చెక్కను పలుచని పొరలుగా తీసి, ఏడు పొరలను జిగురుతో అంటించి చేసిరి. అడుగున రెండు ఇరుసులు. మన యెడ్లబండికి పగ్గములుండును, సైకిలుకు బ్రేకులుండును. దీనికి ఏదియు లేదు. ఏ ప్రక్కకు ఒంగిన ఆ ప్రక్కకు తిరుగును. మనిషి బరువే దానికి పగ్గము.

మొదట వాడు నన్ను పచ్చికమీద నిలువబెట్టెను. "గడ్డిమీద చక్రాలు తిరగవు మామయ్యా. ముందు ఇక్కడ నిలబడటం నేర్చుకో" అనెను. మూడు సాయంకాలములు గడ్డిమీదనే గడచినవి. నాలుగవ నాడు తలకు శిరస్త్రాణము, మోకాళ్లకు, మోచేతులకు, మణికట్లకు కట్లు కట్టి, పడుట నేర్పెను. పడునపుడు చెయ్యి బిగబట్టి నేలకు ఆనించినచో దేహభారమంతయు మణికట్టుమీద పడి ఎముక విరుగును; కావున మోకాళ్లు వంచి, ఒళ్లు వదలి, ఒక ప్రక్కకు దొర్లవలెను. నడచుట నేర్పుటకు ముందు పడుట నేర్పిన గురువును నేను అంతకుముందు చూడలేదు.

ఐదవ నాడు సిమెంటు నేలమీద పలక యెక్కితిని. ఎడమ పాదము ముందు పెట్టి, కుడి కాలితో నేలను ఒకసారి తన్నితిని. పలక కదలెను. అంతే, నా గుండె ఝల్లుమనెను. భయముతో వెనుకకు వాలితిని. పలక ముందునకు దూసికొనిపోయెను. నేను వెల్లకిల పడితిని. చుట్టును పదిమంది పిల్లలు. దెబ్బకంటె సిగ్గు ఎక్కువ తగిలెను. ఎవరు నవ్వుదురో అని కన్నులు మూసికొంటిని.

కన్నులు తెరచునప్పటికి మా అల్లుని చెయ్యి నా ముందర నుండెను. "లే మామయ్యా" అనెను. లేచి నిలిచి దుమ్ము దులుపుకొన్న తరువాతనే మెల్లగా, "వెనక్కి వాలావు. భయం వేసినప్పుడే ముందు కాలిమీద బరువు వెయ్యాలి. పాదాలు చూసుకోకు, వెళ్లే చోటు చూడు" అని చెప్పెను.

ప్రియులారా, ఆ రాత్రి నేను పేతురు వృత్తాంతమును తెరచి చదువుకొంటిని. ఎన్నోమారులు దానిని ప్రసంగించితిని. అయినను ఆనాడు రెండు సంగతులు నాకు క్రొత్తగా తోచెను.

మొదటిది: పేతురు బాలుడు కాడు. సముద్రమెరిగిన జాలరి, ఇల్లు వాకిలి గలవాడు. తోటి శిష్యులందరు చూచుచుండగా, ఎన్నడును ఎరుగని అడుగు వేయుటకు దోనె దిగెను. కొంతదూరము నడచెను కూడ. గాలిని చూచి భయపడినప్పుడు మునుగసాగెను. పలకమీద నాకు జరిగినది అదియే. నన్ను పడవేసినది పలక కాదు. భయపడి నేను వెనుకకు తీసికొన్న బరువే. ప్రభువును నమ్మి అడుగు వేసినవాడు సగము బరువు దోనెలోనే ఉంచుకొనజాలడు. సారా మానుకొందునని ఒప్పుకొని, సీసా ఇంటిలో దాచుకొన్న సహోదరుడా, ఈ మాట నీకొరకే. అన్నతో సమాధానపడుదునని చెప్పి, గట్టు తగవు కాగితములను భద్రముగా కట్టిపెట్టుకొన్నవాడా, నీకును ఇదే మాట.

రెండవది: మునుగుచున్న పేతురుతో ప్రభువు అవిశ్వాసమును గూర్చి మాటలాడెను, నిజమే. అయితే దానికి ముందు ఆయన ఏమి చేసెనో చూడుడి. వెంటనే చెయ్యి చాపి పట్టుకొనెను. చెయ్యి ముందు, మాట తరువాత. నీటిలోనున్నవానిని నీటిలోనే ఉంచి ఆయన పాఠము చెప్పలేదు.

ఇది చదివినప్పుడు నాకు కన్నీరు వచ్చెను. కారణము చెప్పుచున్నాను. మన సంఘపు రాత్రిబడికి ఒక పెద్దాయన వచ్చుచుండెను. జీవితమంతయు నాగలి పట్టిన చేయి. చావకముందు సువార్తను తన కన్నులతో తాను చదువుకొనవలెనని ఆయన ఆశ. ఒక గురువారమున ఒకే అక్షరమును మూడుమారులు తప్పు పలికెను. నేను అలసియుంటిని. పిల్లలందరు వినుచుండగా, "పెద్దయ్యా, ఈ వయస్సులో మీకీ అవస్థ ఎందుకు? చెవులున్నవి గదా, వింటే చాలదా?" అంటిని. పిల్లలు నవ్విరి. ఆయన ఏమియు అనలేదు. పలకను తువ్వాలుతో తుడిచి, చంకనుబెట్టుకొని వెళ్లిపోయెను. మరల రాలేదు. నేనును పిలువలేదు. తొమ్మిదేండ్ల బాలుడు నాకు చేసినది, ఇరువది యేండ్ల కాపరినైన నేను ఆయనకు చేయలేకపోతిని.

పెద్దవారు నేర్చుకొనలేరని మనమందుము. అది సరికాదు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో బ్రిటను తరపున ఆండీ మెక్‌డొనాల్డ్ తన 51వ యేట ఈ పలకమీదనే పోటీచేసెను. అదే క్రీడలలో, అదే ఆటలో, చైనా బాలిక జెంగ్ హావ్‌హావ్ 11 ఏండ్ల ప్రాయమున పాల్గొనెను. ఇద్దరికిని పతకము రాలేదు. అయినను తాత వయస్సువారికిని మనుమరాలి వయస్సువారికిని ఒకే నేలమీద చోటు దొరకెను. ఆయన చిన్ననాటినుండి సాధనచేసినవాడు, నిజమే. అయితే క్రొత్తగా మొదలుపెట్టు పెద్దలను ఆపునది వట్టి ముదిమి కాదు. సిగ్గు. ఆ సిగ్గును వారి నెత్తిన పెట్టువారము ప్రక్కన నిలుచున్న మనమే.

ఇది ధనిక దేశముల ముచ్చట యని అనుకొనకుడి. మధ్యప్రదేశ్ రాష్ట్రములో, పన్నా జిల్లాలో, జన్వార్ అను పల్లెయున్నది. 2015లో ఉల్రికే రైన్‌హార్ట్ అను జర్మను స్త్రీ అక్కడ ఇట్టి ఆటస్థలమును కట్టించెను. బడికి పోనివారికి పలక లేదు, ఆడపిల్లలకే ముందు వంతు అని నియమములు పెట్టిరి. ఆదివాసుల పిల్లలును యాదవుల పిల్లలును ఒకే నేలమీద పడుచు లేచుచు ఆడుకొనిరి. పడినవానికి చెయ్యి అందించునప్పుడు కులమడుగుటకు తీరిక యెక్కడిది?

నేను రెండు నెలలలో నేర్చినది స్వల్పమే. చదునైన నేలమీద ముప్పది అడుగులు పడకుండ పోగలను. గుంటలోనికి దిగుటకు నేటికిని ధైర్యము లేదు. మీరు పంచె బిగించి చక్రముల పలక యెక్కుడని నేను చెప్పుటలేదు. ముదిరిన యెముకలు త్వరగా అతుకవు.

తిరిగి వచ్చిన మరునాడే ఆ పెద్దాయన ఇంటికి పోతిని. గేదెకు మేత వేయుచుండెను. "పెద్దయ్యా, ఆ రోజు పిల్లల ముందు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించండి" అంటిని. పలకమీద నేను పడిన సంగతియు చెప్పితిని. ఆయన చాలసేపు మౌనముగా నుండి, "అయ్యగారూ, నిజంగా పిల్లల ముందే పడ్డారా?" అని అడిగెను. "పదిసార్లకు పైగా పడ్డాను" అంటిని. మోచేతి మచ్చ చూపించితిని. ఆయన దానిని వ్రేలితో తాకి చూచి, చూరులోనుండి తన పలక తీసెను.

ఇప్పుడు గురువారములు వచ్చుచున్నాడు. తన పేరు వ్రాయుచున్నాడు. ఒక వచనము చదువుటకు చాల సమయము పట్టును. ఆయన ఆగినప్పుడు ప్రక్కనున్న చిన్నపిల్ల ఆ అక్షరము క్రింద వ్రేలు పెట్టును. ఎవరును నవ్వరు.

సహోదరులారా, మీ యింటిలో, మీ వీధిలో, ఈ నెలలో క్రొత్తగా మొదలుపెట్టినవారెవరు? ఏబదియేండ్లకు అక్షరములు దిద్దుచున్నవారు, అరువదియేండ్లకు ప్రార్థన నేర్చుకొనుచున్నవారు, పడి మరల సంఘమునకు తిరిగివచ్చినవారు ఉందురు. వారు తడబడినప్పుడు మీ నోరు తెరువకముందు మీ చెయ్యి చాపుడి.

ప్రార్థన: మునుగువారిని పట్టుకొను ప్రభువా, నేర్చుకొనుటకు సిగ్గుపడని మనస్సును మా పెద్దలకు దయచేయుము. నేర్పువారమైన మాకు ఓర్పు నిమ్ము. మా మాటచేత తొలగిపోయినవారి యింటికి మమ్మును మరల నడిపించుము. ఆమేన్.