రాజు ఆనుకొనిన చెయ్యి

ధ్యాన భాగము: 2 రాజులు 5:15-19, 1 కొరింథీ 8



సిరియా సైన్యాధిపతియైన నయమాను వృత్తాంతము మన సండేస్కూలు పిల్లలకు సైతము కంఠస్థము. అతడు యొర్దానులో ఏడు మారులు మునిగి స్వస్థుడై లేచెను అను చోటనే మన ప్రసంగములు సాధారణముగా ముగియును. ఆ తరువాత అతడు ఎలీషా యొద్దకు మరలివచ్చి చేసిన రెండు వింత మనవులను గూర్చి మనము అంతగా మాటలాడము. మొదటిది, రెండు కంచరగాడిదలు మోయగలిగినంత మన్ను ఇప్పించుమనుట. ఇశ్రాయేలు దేశపు మంటిమీద ఇశ్రాయేలు దేవుని సేవింపవలెనని అతని కోరిక. రెండవది మరింత చిక్కైనది. తన రాజు రిమ్మోను గుడికి పోవునప్పుడు తన చేతిమీద ఆనుకొనును. రాజు వంగినప్పుడు తానును వంగక తప్పదు. ఈ ఒక్క సంగతిలో దేవుడు తన్ను మన్నించునా అని అతడు దైవజనుని యెదుట తన చిక్కును విప్పి చెప్పుకొనెను.

ఎలీషా అతనికి ధర్మశాస్త్రము విప్పి చూపలేదు. వంగుము అనియు అనలేదు, వంగకుము అనియు అనలేదు. సమాధానపు మాట చెప్పి సాగనంపెను. ఎంత కఠినమైన ప్రవక్త, ఎంత మెత్తని జవాబు!

ఈ వాక్యభాగమును నేను సినిమాలతో ముడిపెట్టబోవుచున్నానని విని కొందరు నవ్వవచ్చును. నవ్వినను ఫరవాలేదు. కాని తన కిష్టము లేని బొమ్మ యెదుట, లేచి పోవ వీలులేక, ఇతరుల నిమిత్తము కూర్చుండియున్న మనుష్యుడు లేని యిండ్లు మన సంఘములలో ఎన్ని యున్నవి? పెండ్లియైన రెండు మూడు దినములకే బంధువులు కొత్త దంపతులను సినిమాకు బయలుదేరదీయుదురు; పెండ్లికూతురు రానని యెట్లు చెప్పగలదు? వసతిగృహములోని విద్యార్థి తోటివారి పరిహాసమునకు వెరచి కూర్చుండును. నేడు హాలునకు పోవలసిన పనియు లేదు. ఇంటి ముందుగదిలోనే తెర యున్నది. ఆ గదిలోనే ముసలి తండ్రి మంచమున్నది. రిమోటు మాత్రము ఆయన చేతిలో లేదు. నరుకుట, కాల్చుట, స్త్రీని అవమానించుట, ఇవన్నియు రాత్రి పదకొండు గంటలవరకు ఆయన మంచము మీదుగా సాగిపోవుచుండును. కుమారుడు చెడ్డవాడు కాడు. "నాన్నగారికి కాలక్షేపం" అని నలుగురితో సంతోషముగా చెప్పుకొనును.

ఒకప్పుడు మన పెద్దలు ఈ చిక్కును ఒకే మాటతో తెంచివేసిరి. సినిమా పాపము, అంతే. తెలుగు మాటలాడిన మొదటి చిత్రము, భక్త ప్రహ్లాద, 1932లో వచ్చినది. నా చిన్నతనమునాటికి, గోదావరి జిల్లాలోని మా ఊరి సంఘములో, టూరింగు టాకీసు డేరాలో నేల టిక్కెట్టు కొన్నట్లు తెలిసినవాడు పెద్దల యెదుట నిలువవలెను. ఆ నెల అతనికి ప్రభువు బల్లలో పాలు లేదు. (విచారణ చేయు పెద్దలకు ఆ చిత్రకథ యంతయు ఎట్లు తెలిసెనో నాకు నాడును బోధపడలేదు, నేడును బోధపడలేదు.) ఆ కట్టుబాటులో కాఠిన్యమున్నమాట నిజమే. అయితే దానిలో ఒక కనికరమును ఉండెనని ఇప్పుడు తోచుచున్నది. రానని చెప్పదలచిన పడుచునకు "మా సంఘం ఒప్పుకోదండీ" అను ఒక మాట ఉండెను. వీపు ఆనించుకొనుటకు ఒక గోడ ఉండెను. ఆ గోడ పడిపోయినది. ఇప్పుడు ఎవరి మనస్సాక్షిని వారే మోసికొనవలెను.

1986లో ఒక రాత్రి నేను హైదరాబాదులో రాజమండ్రి పోవు ప్రయివేటు బస్సు ఎక్కితిని. వీడియో కోచులు తిరుగుచున్న రోజులవి. దారి నాలుగు వందల కిలోమీటర్లకు పైన. బస్సు ఊరు దాటగానే డ్రైవరు వెనుక బిగించిన టీవీ పెట్టెలో బొమ్మ మొదలాయెను. స్పీకరు సరిగా నా తలమీదనే యుండెను. ఆ చిత్రము పేరు చెప్పను. మొదటి అరగంటలోనే ఇద్దరిని నరికిరి, ఒక స్త్రీని జుట్టు పట్టి యీడ్చిరి. కన్నులు మూసికొంటిని. దేవుడు కంటికి రెప్ప నిచ్చెను గాని చెవికి ఇయ్యలేదు గదా! చూచినదానికంటె, కన్నులు మూసికొని వినిన కేకలే ఎక్కువ భయంకరముగా నుండెను. నా ముందు సీటులో ఒక తల్లియు, ఏడెనిమిదేండ్ల ఆడపిల్లయు ఉండిరి. ఆ తల్లి తన కొంగు పిల్ల ముఖముమీద కప్పుచు, అది జారినప్పుడెల్ల మరల కప్పుచుండెను. నేను లేచి ముందునకు పోయి, శబ్దమైనను తగ్గించుమని క్లీనరును వేడుకొంటిని. "అందరూ చూస్తున్నారండీ, మీ ఒక్కరికోసం ఎలా ఆపమంటారు?" అని అతడు మర్యాదగానే అనెను. వెనుకకు తిరిగి చూచితిని. సగము మంది నిద్రపోవుచుండిరి. మిగిలినవారిలో చూచుచున్నవారెందరో, నావలె ఊరక కూర్చుండినవారెందరో ఎవరికి తెలియును? ఎవరిని ఎవరును అడుగలేదు.

మరల వచ్చి కూర్చుంటిని. కోపముతో నా మనస్సులో ఒక ప్రసంగము సిద్ధముకాసాగెను. మొదట లోతు జ్ఞాపకము వచ్చెను. సొదొమలో కన్నులకును చెవులకును తగిలిన దానివలన ఆ నీతిమంతుని ప్రాణము ఎంత నలిగెనో పేతురు తన రెండవ పత్రికలో చెప్పెను. నేను లోతును, బస్సంతయు సొదొమ! ఆ పోలిక నాకు మిక్కిలి రుచించెను. అయితే లోతు ఆ ప్రదేశమును తానే కన్నులెత్తి చూచి ఏరుకొనెను అను సంగతి తట్టగానే అతనిని విడిచి నయమానును పట్టుకొంటిని. ఇతడు నాకు సరిగా అతికెను. దేహము వంగినను హృదయము వంగనివాడు. సూర్యాపేట దాటువరకు నేను నయమానునై సుఖముగానే యుంటిని.

విజయవాడ ఇంకను రాకమునుపే ఆ వాక్యభాగములోని మూడవ మనుష్యుడు నాకు కనబడెను. నయమాను ఉన్నాడు, ఎలీషా ఉన్నాడు. రాజును ఉన్నాడు. ఈ భాగములో రాజు నోట ఒక్క మాటయు లేదు. అతడు తన గుడిలో తాను మ్రొక్కుచు తన సేనాధిపతి చేతిమీద బరువు మోపును. ఆ చెయ్యి తన క్రింద ఎట్లు వణకునో అతనికి తెలియదు. అతడు క్రూరుడు కాడు. నయమానునందు ప్రేమ గలవాడే. అతని స్వస్థత నిమిత్తము ఇశ్రాయేలు రాజునకు పత్రిక వ్రాసి పంపినవాడే. నీకు సమ్మతమేనా అని మాత్రము అడిగియుండడు.

ఆ చీకటిలో, ఆ కేకల నడుమ, నాకు మా అమ్మ ముఖము గుర్తు వచ్చెను. ఆ రాజును నేనే అని తెలిసికొంటిని.

1978లో కరుణామయుడు చిత్రము వచ్చినది. విజయచందర్ క్రీస్తు పాత్ర ధరించెను. అంతవరకు సినిమాహాలు గుమ్మము త్రొక్కని క్రైస్తవులనేకులు దానికొరకు త్రొక్కిరి. మరుసటి సంవత్సరము మా ఊరినుండియు బస్సు కట్టించుకొని టౌనునకు బయలుదేరితిమి. నేనప్పుడు ముప్పది యేండ్ల ఉపాధ్యాయుడను, సండేస్కూలు సూపరింటెండెంటును, నూతన భావములవాడనని పేరు పడినవాడను. మా అమ్మ రాననెను. "నాకు వద్దు నాయనా, మీరు వెళ్లిరండి" అనెను. అంతటితో విడిచియుండవలసినది. విడువలేదు. ప్రభువు చరిత్ర చూచుటకు కూడ అభ్యంతరమా అంటిని. ఇది మీ కాలపు మూఢత్వము అంటిని. నలుగురు వినునట్లు అంటిని. ఆమె మారుమాటాడక తెల్లచీర కట్టుకొని, బైబిలు సంచిలో పెట్టుకొని బస్సెక్కెను. హాలు మెట్లు నేనే చెయ్యి పట్టుకొని ఎక్కించితిని. సిలువ ఘట్టము వచ్చినప్పుడు హాలంతయు ఏడ్చెను; నేనును ఏడ్చితిని. ఆట ముగిసిన తరువాత, గెలిచినవానివలె, "ఎట్లున్నదమ్మా?" అని అడిగితిని. "బాగుంది నాయనా" అనెను. నేనా మాట నమ్మితిని. తరువాత వచ్చిన ఆదివారము ఆమె ప్రభువు బల్లకు రాలేదు. ఒంట్లో బాగుండలేదనెను. దానినిగూడ నమ్మితిని. ఏడేండ్లు నమ్మితిని.

ఆ చిత్రమును నేను తప్పు పట్టుటలేదు. దానివలన మేలు పొందినవారిని నేనెరుగుదును. కొరింథు సంఘములో మాంసమును గూర్చి వివాదము పుట్టినప్పుడు పౌలు భక్తుడు, వాదము మట్టుకు, జ్ఞానముగలవారి పక్షముననే యున్నాడు. విగ్రహములో ఏమియు లేదు, భోజనము మనలను దేవునికి దగ్గర చేయదు, దూరము చేయదు. కాని తన జ్ఞానము చూచి ఒక బలహీన సహోదరుడు తన మనస్సాక్షిని త్రొక్కుకొని తినునేమో అను తలంపు వచ్చినంతనే ఆ మహా తార్కికుడు వాదమును ప్రక్కకు నెట్టి, తాను మాంసమే మానివేయుదునని ప్రతిజ్ఞ చేయుచున్నాడు. నేను పౌలులోని మొదటి సగము చదివి లేచినవాడను. నా వాదములో తప్పు లేదు. ఆ తప్పులేని వాదమునే కఱ్ఱగా పట్టుకొని నా తల్లిని హాలులోనికి తోలితిని.

ఇష్టము లేక కూర్చుండువారు చేయగలిగినది లేదా అందురేమో. కొందరికి కలదు. దానియేలు బబులోనులో రాజు భోజనమును దూషింపలేదు; పైవిచారణకర్తతో మృదువుగా మాటలాడి, పది దినముల పరీక్ష కోరి, దానికి బదులు కూరధాన్యములు చాలుననెను. అట్లే "ఈ రాత్రి నా మంచము వెనుకగదిలో వేయుము బాబూ" అని ఒక తండ్రి నోరు తెరచి అడుగవచ్చును. అడుగ వీలులేనివారును ఉన్నారు. వారిని మనము దోషులుగా ఎంచరాదు, ఎలీషా ఎంచలేదు. అట్టివారు నయమాను మోయించుకొని పోయిన మంటిని మరువకుందురు గాక. రిమ్మోను గుడిలో రాజుకొరకు వంగినవానికి, తన యింట తానుగా మోకరించుటకు కొంత నేల ఉండెను. మా అమ్మ సంచిలోని బైబిలు ఆమె మోసికొని వచ్చిన మన్ను. ఇక ప్రతి శుక్రవారము కొత్త బొమ్మకు తానే ముందుగా తయారై "పిల్లల కోసం" అనువారిని గూర్చి నేనేమి చెప్పను? వారు ఈ మనవిలో చేరరు.

నా భయము రిమోటు చేతనున్నవారిని గూర్చియే. మనము అడిగితిమనియే అనుకొందుము. నేనును అడిగితిననియే అనుకొంటిని; నేను చేసినది ఒప్పించుట. "ఏదైనా ఫరవాలేదు బాబూ" అని మంచముమీది తండ్రి అనినప్పుడు అది జవాబు కాదు, మర్యాద. తెర ఆర్పి, ఆయన ప్రక్కన కూర్చుండి, మరియొక మారు అడుగవలెను. పసిపిల్లల సంగతి మరియు కష్టము, వారికి ఆ మర్యాద మాటయు రాదు. మన మూడు గంటల కూటములలో బలవంతముగా కూర్చుండబెట్టబడు పిల్లలు కూడ ఒకనాడు మనలను ఈ ప్రశ్న అడుగుదురేమో!

తెల్లవారిన తరువాత రాజమండ్రిలో దిగి, మా ఊరి బస్సు పట్టి ఇల్లు చేరునప్పటికి అమ్మ వరండాలో బియ్యము చెరుగుచుండెను. ముఖము కడుగుకొనుటకు నీళ్లిచ్చి, మరల చేట యెదుట కూర్చుండెను. నేనును ఆమె ప్రక్కనే కూర్చుంటిని. బస్సులోని బొమ్మ సంగతి చెప్పితిని. ఆ పిల్ల ముఖముమీది కొంగు సంగతి చెప్పితిని. పిమ్మట నేను ఆమెను సినిమాకు తీసికొనిపోయిన దినమును ఎత్తి, క్షమించుమని అడిగితిని. ఆమెకు ఆశ్చర్యమాయెను.

"ఆ వారం బల్లకి ఎందుకు రాలేదమ్మా?" అంటిని.

"రాబుద్ధి కాలేదు."

"ఎందుకని?"

"అదంతా విడమరచి చెప్పడం నాకు చేతకాదు నాయనా. బాప్తిస్మమప్పుడు ఆయనకి మాటిచ్చాను, ఆ హాళ్లలో అడుగుపెట్టనని. నాకూ ఆయనకీ మధ్య మాట అది. నువ్వు చదివిన పుస్తకాల్లో ఉండదేమో."

కొంతసేపు నాకు మాట రాలేదు. మరి అంతసేపు ఆ చీకటిలో ఏమి చేసితివమ్మా, కన్నులు మూసికొని కూర్చుంటివా అని అడిగితిని.

"మూసుకోలేదు. నిన్ను చూస్తూ కూర్చున్నాను. ఆ వెలుగు నీ మొహం మీద పడుతూ ఉంది. చిన్నప్పుడు ఎలా ఏడ్చేవాడివో అలాగే ఏడ్చావు. నా కొడుకు ప్రభువు కోసం ఏడుస్తున్నాడు గదా అనుకున్నాను. తెర మీద ఏముందో నేను చూడలేదు."

అని చేట మరల అందుకొనెను. నేను పళ్లెములోని బియ్యము ముందునకు లాగుకొని రాళ్లు ఏరుచు కూర్చుంటిని.