మూతక్రింది తపస్సు

తపస్సను మాట వినినంతనే ఘోరారణ్యములును, జటావల్కలములును మనస్సునకు తోచుట సహజము. కాని ఆ మాటకు మూలమైన ధాతువు తెలుపునది వేడి. వేడి లేనిదే తపస్సు లేదు. వేడి లేనిదే పాకమును లేదు. బాగుగా ఉడికిన అన్నమును పక్వమైనదందురు. మంచిచెడ్డలు తెలిసి నిలకడ గాంచిన మనస్సును పరిపక్వమైనదందురు. వంటయింటి యగ్నికిని, హృదయకుహరమందలి యగ్నికిని గల యీ చుట్టఱికమును మన పెద్దలు మాటలలోనే భద్రపఱచి యుంచినారు.

అన్నము వండుటలో రెండు పద్ధతులు గలవు. కళపెళ మరుగు ఎసటిలో బియ్యము పోసి, పెద్దమంటపై ఉడికించి గంజి వార్చుట యొకటి. నీటిని కొలిచి పోసి, మూతపెట్టి, సన్నని సెగపై అత్తెసరుగా వండుట రెండవది. మొదటి పద్ధతిలోనైనను గంజి వార్చిన వెంటనే వడ్డింపరు. గిన్నెను నిప్పులమీద నుంచి కొంతసేపు ఉమ్మగిల్లనిత్తురు. మెతుకునకు మార్దవము వచ్చునది ఆ నిశ్శబ్ద సమయముననే. పల్లెటూళ్లలో పిడకలు రాజేసి దాలిపై పాలకుండ నుంచెడివారు. నివురు గప్పిన ఆ నిప్పున పాలు పొంగకయే పూటంతయు కాగి, ఎఱ్ఱని మీగడ కట్టెడివి. చూచువానికి మంట కానరాదు. కాని పని జరుగుచునే యుండును.

ఆ దాలికి నేటికాలపు చుట్టమొకటి గలదు. స్లో కుక్కరను విద్యుత్పాత్ర యది. మందమైన మట్టిపాత్రను లోహపు తొడుగులో నుంచి, చుట్టును సన్నని వేడి కల్పించి, గంటలకొలది వండుట దాని విధానము. దీని పుట్టుక చిత్రమైనది. యూదుల ధర్మము ననుసరించి విశ్రాంతిదినమున నిప్పు రాజేయరాదు. అందుచే లిథువేనియా దేశమందలి యూదులు శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందే గింజలును, దుంపలును నింపిన కుండలను ఊరి రొట్టెల పొయ్యిలో నుంచెడివారు. ఆరిపోవుచున్న ఆ పొయ్యి వేడిమికే అవి మఱునాటికి పక్వమగుచుండెను. తల్లి నోట ఈ సంగతి విన్న అర్వింగ్ నాక్సన్ అను అమెరికను ఆ విధానమునకు విద్యుత్తును జోడించి 1936లో హక్కుపత్రమునకు దరఖాస్తు చేయగా, 1940లో అది లభించినది. ఒక నియమమును పాలించుటకై పుట్టిన ఓర్పు, నేడు లోకములోని వంటయిండ్లకు ఉపకరణమైనది.

సూరతు జిల్లాలోని బార్డోలీ ప్రాంతమునుండి ఆఫ్రికా, ఇంగ్లండు, అమెరికా, న్యూజిలాండులకు వలసపోయిన కుటుంబము లనేకము. విదేశములనుండి వచ్చు బిడ్డల పెట్టెలలో ఇట్టి పాత్ర యొకటి అచ్చటి యింటికి చేరుటలో వింత లేదు. అన్నమును, కిచిడీని నిత్యము వండు ఆ గృహిణి యందులో బియ్యము వేసినచో, ఆ పాత్ర యామెకు మూడు పాఠములు నేర్పును.

మొదటిది మూతను గూర్చినది. గిన్నెడు బియ్యమునకు రెండు గిన్నెల నీరు పోసి, అధికపు మెట్టుపై నుంచినను ఉడుకుటకు రెండు గంటలకు పైగా పట్టును. ఈలోపల ఆతురపడి మూత తీసినచో, మెల్లమెల్లగా కూడిన ఆవిరి క్షణములో తప్పించుకొనును. ఆ వేడి మరల కూడుటకు ఇరువది నిమిషములైనను కావలెను. కలియబెట్టినచో మెతుకు చితికి జావయగును. అందుచే ఆ పాత్రను నమ్మినవారు దానిని కదపరు.

రెండవది వేడిని గూర్చినది. నిదానమనగా చల్లదనము కాదు. బియ్యపుగింజలోని పిండిపదార్థము నీటిని త్రాగి ఉబ్బి మెత్తబడవలెనన్నచో, రకమునుబట్టి 60 మొదలు 80 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడి తప్పక కావలెను. అంతకు తక్కువైనచో గింజ ఎన్ని గంటలు నీటిలో నున్నను నానునే కాని ఉడుకదు. అందుచే మరిగిన నీటితో ఆరంభించుట మేలు. మఱియు, వంటతో చావని సూక్ష్మజీవుల బీజములు కొన్ని యన్నములో మిగిలియుండును. ఉడికిన యన్నము గోరువెచ్చగా గంటలకొలది నిలిచినచో అవి పెరిగి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. కావున అన్నమును వేడివేడిగనే వడ్డింపవలెను, లేదా త్వరగా చల్లార్చి శీతలస్థానమున దాచవలెను. గోరువెచ్చదనము నిదానమునకు మిత్రము కాదు, శత్రువు.

మూడవది అంచులను గూర్చినది. అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని తెలుగువారి సామెత. ఎసరు తెర్లి గింజలన్నియు క్రిందుమీదగు గిన్నెలో నది నిజము. కాని ఈ పాత్రకు వేడి ప్రక్కలనుండి చేరును. అంచున నున్న మెతుకు మెత్తబడి ఎఱుపెక్కునప్పటికిని నడిమి గింజలో పలుకు మిగిలియుండవచ్చును. అంచు మెతుకును పట్టి చూచి పాత్రను దింపువారు కొందఱికి అన్నమును, కొందఱికి పలుకును వడ్డింతురు.

ఈ మూడు పాఠములను ఒకప్పుడు బార్డోలీ తాలూకా యంతయు తన బ్రతుకులో నేర్చుకొనెను.

1922 సంవత్సరారంభమున గాంధీమహాత్ముడు సామూహిక సత్యాగ్రహమునకు బార్డోలీని ఎన్నుకొనెను. దేశమంతయు అటు చూచుచుండెను. మన గుంటూరు జిల్లాలోని పెదనందిపాడు రైతులు అప్పటికే శిస్తు నిరాకరించి నిలిచియుండిరి. అంతలో ఫిబ్రవరి మొదటి వారమున సంయుక్తరాష్ట్రములలోని చౌరీచౌరాలో ఆగ్రహించిన గుంపు ఠాణాకు నిప్పుపెట్టగా, ఇరువదిమందికి పైగా పోలీసులు మరణించిరి. గాంధీజీ ఆ ఉద్యమమును నిలిపివేసెను. ఫిబ్రవరి 11, 12 తేదీలలో బార్డోలీలోనే కాంగ్రెసు కార్యవర్గము ఆ తీర్మానమును చేసినది. ఆయన అయిదు దినములు ఉపవసించెను. చెఱసాలలో నున్న మోతీలాలు నెహ్రూ, లజపతిరాయి, జవహరులాలు మొదలగువారు మిక్కిలి ఖిన్నులైరి. చేతికందిన అన్నపుగిన్నెను దింపివేసినారను బాధ వారిది. అది తేలికగా త్రోసివేయదగిన బాధ కాదు. అయినను పొంగిన గంజి పొయ్యిలో పడినచో ఆరునది నిప్పే. పొంగుచున్న గిన్నెను దింపువాడు వంటను మానుకొన్నవాడు కాడు, నిప్పును కాపాడుకొన్నవాడు.

మఱి బార్డోలీ ఆ నిప్పును ఏమి చేసినది? మర్చిపోయినచో అది బూడిదయై యుండును. అట్లు కాలేదు. ఆరు సంవత్సరములపాటు పత్రికల కంటబడని పని సాగినది. బార్డోలీ, సర్భోణ్, వేడ్ఛీ మొదలగు చోట్ల ఆశ్రమములు వెలసినవి. రాట్నము తిరిగినది; కల్లు మాన్పించు యత్నము జరిగినది; పిల్లలకు చదువు చెప్పబడినది. కుంవర్జీ మెహతా, కల్యాణ్‌జీ మెహతా సోదరులవంటివారు గ్రామగ్రామమును, గడపగడపను ఎఱిగియుండిరి. అది నివురు గప్పిన దాలి. అందు గోరువెచ్చదనము లేదు. సన్నని సెగ ఎడతెగక యుండెను.

బొంబాయి ప్రభుత్వము 1927లో ఆ తాలూకా భూమిశిస్తును సుమారు 22 శాతము పెంచినది. 1928 ఫిబ్రవరిలో వల్లభభాయి పటేలు నాయకత్వమున రైతులు శిస్తు చెల్లింపమని ప్రతిన పూనిరి. సర్కారు జప్తుదారులు ఊళ్లకు వచ్చిరి. పశువులను పట్టుకొనిపోవుదురని రైతులు తలుపులు బిగించి, గేదెలతో కూడ చీకటియిండ్లలో దినములు గడిపిరి. మూతపెట్టిన గిన్నెవలె ఊళ్లకూళ్లు నిశ్శబ్దములై యుండెను. భూములు వేలమునకు పోయినవి, పశువులు పోయినవి. ఒక్క రైతు ఆవేశపడి చేయెత్తినను చాలును, సర్కారు కోరిన సాకు దొరకి యుండెడిది. 1922లో పొంగిన దేమో ఎఱిగిన ఆ ప్రజలు 1928లో మూత తీయలేదు. ఆగస్టులో ఒడంబడిక కుదిరినది. భూములు మరల దక్కినవి. విచారణ జరిపిన బ్రూమ్‌ఫీల్డు, మాక్స్‌వెల్ అను అధికారులు తగిన పెంపు సుమారు 6 శాతము మాత్రమే యని 1929లో తేల్చిరి. వల్లభభాయిని లోకము ‘సర్దార్’ అని పిలువసాగినది అచ్చటినుండియే.

ఇక్కడితో కథ ముగించుట సులభము. కాని మూడవ పాఠము మిగిలియున్నది. జయము రైతులదైనది, అది అంచు మెతుకు. ఆ రైతుల పొలములలోనే దుబ్లా కులమువారు, అనగా హలపతులు, అప్పునకు కట్టుబడి తరతరములుగ పాలేర్లుగా పనిచేయుచుండిరి. వారిని హాలీలందురు. శిస్తు తగ్గినందున వారి బంధము తెగలేదు. అన్యాయపు శిస్తునకు ఎదురుతిరిగిన చేతులే, తమ గుమ్మమున నున్న బానిసతనమును చూడక పోగలవు. నడుమ పలుకు మిగిలియున్నదని గ్రహించినవారు కొందఱు మరల మూతపెట్టి సెగ కొనసాగించిరి. జుగత్‌రామ్ దవే వేడ్ఛీలో ఆదివాసులయు, హలపతులయు పిల్లల చదువునకై తన జీవితమునే ధారపోసెను. ఆయన పనికి జయధ్వానములు లేవు. నడిమి గింజ ఉడుకునప్పుడు చప్పుడు కాదు.

తైత్తిరీయోపనిషత్తులో భృగువు కథ గలదు. బ్రహ్మమును తెలుపుమని తండ్రియగు వరుణుని అతడు వేడెను. తండ్రి తపస్సు చేయుమనెను. భృగువు తపస్సు చేసి అన్నమే బ్రహ్మమని తెలిసికొని వచ్చెను. తండ్రి కాదనలేదు, చాలుననలేదు. మరల తపస్సు చేయుమని పంపెను. అటుపై ప్రాణమును, పిదప మనస్సును, పిదప విజ్ఞానమును ఎఱిగి వచ్చెను. ప్రతిసారియు అదే యాజ్ఞ. అయిదవసారి ఆనందమును ఎఱిగినవాడు మరల అడుగ రాలేదు. పలుకు మిగిలియున్నంతకాలము తండ్రి ఆ పాత్రను సెగపైనుండి దింపనీయలేదు. అంచు ఉడికినంతనే మెచ్చుకొని దింపియున్నచో భృగువు అన్నమునొద్దనే నిలిచియుండును.

సాధకులలో పెక్కుమంది చెడునది ఈ మూడు చోట్లనే. కొందఱు పదిదినముల జపమునకే ఫలమును వెదకి మూత తీసి చూతురు; కూడిన ఆవిరి పోవును. కొందఱు నిదానమను పేరున నియమమును విడిచి గోరువెచ్చగా బ్రతుకుదురు. అట్టివారిలో నిలువయుండి పెరుగునది భక్తి కాదు, భక్తుడనను అభిమానము. అది విషము. మఱికొందఱు పూజామందిరమున శాంతులై, పనివాని యెడలను, కోడలి యెడలను కఠినులగుదురు. వారి శాంతి అంచు మెతుకు.

ఈ దోషములకు ఔషధము సరళమైనది. నియమము చిన్నదైనను తప్పక సాగవలెను. పావుగంట ధ్యానమైనను ప్రతిదినము ఒకే వేళకు జరుగవలెను. ఆరంభమున శ్రద్ధయను మరుగునీరు పోయవలెను. ఫలమును గూర్చిన ప్రశంగను మానవలెను. మనస్సు పొంగినప్పుడు సిగ్గుపడక దింపి, నిప్పును కాపాడుకొని, మరల ఎక్కింపవలెను. ఇంత చేసి, పక్వమైనదా లేదా యని చూడదలచినచో ఇంటిలో అందఱికంటె అల్పుడని తాను తలచువాని యెడల తన నడత యెట్లున్నదో చూచుకొనవలెను. నడిమి మెతుకు అదియే.

భృగువునకు ఆనందము తెలిసిన పిదప ఆ ఉపనిషత్తు చెప్పిన వ్రతము లేవి? అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధిగ చేయవలెను. ఇంటికి వచ్చినవానిని కాదనరాదు. పరమార్థమునెల్ల ఎఱిగినవాడు చివరకు చేరినది వడ్డనయొద్దకే. సాయంవేళ బార్డోలీలోనో, బాపట్లలోనో ఒక తల్లి మూత తీసి, నడుమనుండి ఒక మెతుకు పట్టి చూచి, తృప్తితో తొలిముద్దను ఆకలిగొన్నవానికి తీసియుంచినచో, ఆ యింట ఆ దినపు తపస్సు పండినట్లే.