అందరికీ ఉంటే జబ్బు కాదా?

మంగంపేట ముగ్గురాయికి, అంటే బెరైటీస్‌కు, దేశదేశాల్లో గిరాకీ. ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఒక్కచోటే దాదాపు 7.4 కోట్ల టన్నుల బెరైటీస్ ఉన్నట్టు అంచనా వేశారు. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదకు బరువు రావడానికి ఈ రాతిపొడి కలుపుతారు. రాయి ధర అందరూ అడుగుతారు. దాన్ని ఏరిన ఆడవాళ్ల మడమల సంగతి ఎవరూ అడగరు.

నర్సింగు చదువుతున్న ఒక పిల్ల సెలవులకు ఇంటికొచ్చి, ఆ రాయి ఏరే అవ్వ కాలు ఒళ్లో పెట్టుకుంది. మడమ చుట్టూ పగుళ్లు. అంచులు పసుపుపచ్చగా గట్టిపడ్డాయి, లోపల ఎర్రగా పచ్చి కనిపిస్తోంది. ఒక పగులులో తెల్లటి దుమ్ము దిగి, ఎంత కడిగినా రావడం లేదు.

"ఇంత పగిలితే ఎవురికీ చూపీలేదా అవ్వా?"

"ఏం గాదులే పాపా. ఊర్లో ఎవురికి లేవు సెప్పు?"

ఆ పిల్లకు జవాబు తోచలేదు. చదివిన పుస్తకంలో జబ్బు లక్షణాలున్నాయి. ఊరందరికీ అదే ఉంటే ఏమనాలో లేదు.

ఒంట్లో వేడికి పగిలాయని కొందరనే మాటను కొట్టేయడం తేలిక. అరికాలి చర్మంలో నూనె గ్రంథులే ఉండవు. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే కడప సీమలో ఉన్న కాస్త తేమా ఆరిపోతుంది. నిలబడి పనిచేసేటప్పుడు ఒంటి బరువుకు మడమ పక్కలకు విచ్చుకుంటుంది. వెనక పట్టులేని చెప్పులు దాన్ని ఆపలేవు. ఎండిన తోలు సాగలేక చీలుతుంది.

"కష్టపడే మనిషి కాలు అట్లనే ఉంటది" అనే మాటతోనే చిక్కు. అందులో గౌరవం ఉంది, కొంత నిజమూ ఉంది. కెన్యాలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2019లో 'నేచర్' పత్రికలో ఒక సంగతి రాశారు: అరికాలి తోలు ఎంత మందమైనా నేల స్పర్శ తెలియడం తగ్గదు. అంటే ఆ మందం శరీరం చేసుకున్న మంచి ఏర్పాటే. బ్లేడుతో చెక్కి పారేయాల్సినది కాదు. మరి ఆ మాటే ఒప్పా? మందాన్ని గురించి ఒప్పే. పగులును గురించి కాదు. పగిలిందంటే ఆ ఏర్పాటు చెడిందని.

చలిదేశాల్లో ఇలా మామూలే అనుకున్న కాలి బాధ ఇంకొకటి ఉంది, చిల్‌బ్లెయిన్స్. తడి చలికి కాలివేళ్లు కంది, వాచి, దురదా మంటా పెడతాయి. చల్లబడ్డ కాలిని ఒక్కసారిగా మంటకు కాస్తే ఇంకా ముదురుతుంది. ఒకప్పుడు ఇంగ్లండులో అది చలికాలంతో వచ్చే మామూలు బాధ. ఇళ్లన్నీ వెచ్చబడ్డాక బాగా తగ్గింది. అక్కడి కాళ్లేమీ మారలేదు, ఇళ్లు మారాయి. అందరికీ ఉందంటే, అందరినీ పట్టే కారణం ఒకటి ఉందనే అర్థం.

మంగంపేటలో ఆ కారణం నేలలో ఉంది, చెప్పుల్లో ఉంది, పని దిగాక కాళ్లు కడుక్కోను దొరకని నీళ్లలో ఉంది. ఇంట్లో చేయగలిగింది చిన్నదే: రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లుంచి, నురగరాయితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే వాజలైనో యూరియా కలిసిన క్రీమో రాసి నూలు మేజోళ్లు వేసుకోవాలి. పగులులోంచి రక్తమో చీమో వస్తున్నా, షుగరుండి కాలు తిమ్మిరెక్కుతున్నా ఇంటి మందుతో ఆగకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాల్సిందే.

అయితే మడమ మూసే చెప్పులు, కాళ్లు కడుక్కునే నీళ్లు కూలి డబ్బులోంచి మిగుల్చుకుని తెచ్చుకోవలసినవి కావు. పని చేయించేవాళ్లు కూలితో పాటు ఇవ్వాల్సినవి.